ఒక ఆవర్తం ఆగండి

(సంగీతం టీచరుగారి స్మారకోపన్యాసం, పూర్తిపాఠం)



ఆహ్వానపత్రంలో సంగీతం టీచరుగారి పేరు లేదేమిటని ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి అడిగారు. పోయేముందు ఆవిడ పెట్టిన షరతే అది. ‘‘నా పేరు వేస్తే నా గురించి మాట్లాడతారు. పిల్లల గురించి మాట్లాడుకోండి’’ అన్నారు. ఊరంతా ఆవిణ్ణి సంగీతం టీచరుగారనే పిలిచింది కనక మేమూ అలాగే అచ్చు వేయించాం. ఆ మాట నేను సగమే నిలబెట్టుకోగలను. పిల్లల గురించే మాట్లాడతాను, కాని ఆవిడ లేకుండా మాట్లాడటం నా వల్ల కాదు.

ఇంకో సంగతి ముందే చెప్పేస్తాను. నాకు సంగీతం రాదు. ఇరవయ్యేడేళ్ళుగా స్పెషల్ ఎడ్యుకేటర్‌గా పనిచేస్తున్నాను, అంతే. నేను పాట ఎత్తుకుంటే మా బడి పిల్లల్లో ఇద్దరు చెవులు మూసుకుంటారు. అందులో ఒకడికి ఆటిజం, రెండోవాడికి మంచి శ్రుతిజ్ఞానం. అలాంటి నన్ను ఈ ఉపన్యాసానికి పిలవడంలో ఒక న్యాయం ఉందనుకుంటాను. ఇవాళ నేను చెప్పబోయేది చెయ్యడానికి విద్వాంసులు కానక్కర్లేదు.

బెంచీ మీద తాళం

ఆవిడ బాలికల హైస్కూలులో రిటైరైన ఏడాది, మా బడిలో ప్రార్థన పాడించేవాళ్ళు లేక, నెలరోజులు రండమ్మా అని నేనే వెళ్ళి అడిగాను. జూన్‌లో ఒక పొద్దున రిక్షాలో హార్మోనియం పెట్టుకుని వచ్చారు. పధ్నాలుగేళ్ళు ఉండిపోయారు.

అప్పుడు మా దగ్గర ఏడేళ్ళ బాబు ఒకడు ఉండేవాడు. మాట లేదు. పిలిస్తే చూడడు. కిటికీ పక్క బెంచీ మీద కూర్చుని ముందుకీ వెనక్కీ ఊగుతూ ఉండేవాడు. ఆ ఊగడం మాన్పించాలని మేం ఏడాదిగా కుస్తీ పడుతున్నాం. భుజాలు పట్టుకుని ఆపడం, చేతికి బొమ్మ ఇవ్వడం, బెంచీ మార్చడం, అన్నీ అయ్యాయి. టీచరుగారు రెండోరోజు వచ్చి వాడి పక్కన కూర్చున్నారు. వాడికేసి చూడలేదు. వాడు ఎంత వేగంతో ఊగుతున్నాడో అదే వేగంతో బెంచీ మీద వేళ్ళతో కొట్టడం మొదలుపెట్టారు. వాడు నిదానిస్తే ఆవిడా నిదానించేవారు. పావుగంట అలా చేసి లేచిపోయారు. మర్నాడూ అంతే. ఆ మర్నాడు కొడుతూ కొడుతూ చెయ్యి గాల్లో ఉండగానే ఆపేశారు.

వాడు ఊగడం ఆపాడు. బెంచీకేసి చూశాడు. ఆవిడ చేతికేసి చూశాడు. ఆవిడ కదల్లేదు. కాసేపటికి వాడు చెయ్యి చాచి, ఆవిడ చేతిని పట్టుకుని బెంచీ మీదికి నొక్కాడు. ఇంకా కొట్టు అని.

అది మా బడిలో ఆ బాబు ఒక మనిషిని అడిగిన మొట్టమొదటి కోరిక. మేం ఆపాలనుకున్న దానికి ఆవిడ తాళం వేశారు. నేను ఆ రోజు డైరీలో రాసుకున్నది ఒక్క వాక్యం: ‘‘కొట్టినందుకు కాదు, ఆపినందుకు చూశాడు.’’ ఇరవయ్యేడేళ్ళ అనుభవం తరవాత కూడా ఈ విద్యలో ఇంతకన్నా పెద్ద రహస్యం నాకు కనబడలేదు.

ఇలాంటి దారి తొక్కినవాళ్ళు ప్రపంచంలో వేరేచోట్ల ఉన్నారని ఆవిడకి అప్పటికి తెలియదు. 1959లో ఇంగ్లండులోని వూస్టర్‌షైర్‌లో, సన్‌ఫీల్డ్ అనే పిల్లల గృహంలో, పాల్ నార్డాఫ్ అనే అమెరికన్ స్వరకర్తకి క్లైవ్ రాబిన్స్ అనే ఉపాధ్యాయుడు తోడయ్యాడు. నార్డాఫ్ పియానో ముందు కూర్చుని, పిల్లవాడు ఏడిస్తే ఆ ఏడుపు శ్రుతిని, డ్రమ్ము బాదితే ఆ బాదుడు లయని అందుకుని అక్కడికక్కడే సంగీతం కట్టేవాడు. పిల్లవాణ్ణి పాటలోకి లాగడం కాదు, పాటే పిల్లవాడి దగ్గరికి వెళ్ళడం వాళ్ళ పద్ధతి. అది నార్డాఫ్-రాబిన్స్ పద్ధతిగా దేశదేశాలకీ పాకింది. ఈ కథ నేను చదివి చెప్తే టీచరుగారు నవ్వి, ‘‘పక్కవాద్యం వాయించేవాడు చేసే పని అదే కదా, గాయకుడు ఎటు పోతే అటు పోవడం’’ అన్నారు. గాయకుడు మన పిల్లవాడు. మనం పక్కవాద్యం.

చిటికెన వేలి నుంచి

సంగీతంతో నేర్పగలిగే నైపుణ్యాలేమిటని తల్లిదండ్రులు అడుగుతారు. నేను ఆదితాళం వేసి చూపిస్తాను. మీరూ వెయ్యండి. ఒక దెబ్బ. తరవాత చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు. మళ్ళీ దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. ఎనిమిది అక్షరాలు. మొదటి నాలుగూ లఘువు, మిగతావి రెండు ద్రుతాలు; ఈ చుట్టు మొత్తం ఒక ఆవర్తం. సంగీతం నేర్చుకున్నవాళ్ళకి ఇది ఊపిరి పీల్చినంత తేలిక. మా బడిలో ఒక పాపకి ఇది పూర్తిగా రావడానికి పదకొండు నెలలు పట్టింది. ఆ పదకొండు నెలల్లో ఆ పాప ఏమేం నేర్చుకుందో చూడండి.

దెబ్బ వెయ్యాలంటే కుడి అరచెయ్యి తొడ మీద సరైన చోట పడాలి. కన్ను, చెయ్యి కలవాలి. వేళ్ళు లెక్కపెట్టాలంటే మిగతా వేళ్ళు కదలకుండా ఒక్క వేలే కదలాలి. పెన్సిలు పట్టుకోవడానికి, బొత్తాం పెట్టుకోవడానికి కావలసింది ఆ ఒక్క వేలి కదలికే. అందులోనూ మనవాళ్ళు చిటికెన వేలితో మొదలుపెట్టారు, చాలామంది పిల్లలకి బొత్తిగా మాట వినని వేలు అది. విసురు దగ్గర అరచెయ్యి వెల్లకిలా తిరుగుతుంది. నీళ్ళు దోసిట పట్టడం, తాళంచెవి తిప్పడం, ముద్ద నోటికి తీసుకెళ్ళడం, అన్నిటికీ ఈ తిరగడమే మూలం. ఆక్యుపేషనల్ థెరపిస్టు ఈ కదలిక కోసం రోజుకి యాభైసార్లు చేయించమంటారు. ఉత్తినే యాభైసార్లు చేయమంటే ఏ పిల్లా చెయ్యదు. పాట ఉంటే వందసార్లు చేస్తుంది, చేశానని తెలియకుండా.

ఇక లెక్క. ఒకటి తరవాత రెండు వస్తుందని నోటితో చెప్పడం వేరు, ఒంటితో తెలుసుకోవడం వేరు. ఆపైన వంతు. మిగతావాళ్ళు దెబ్బ వేసినప్పుడే తనూ వెయ్యాలి, ముందూ కాదు, వెనకా కాదు. బడిలో, బస్సులో, భోజనాల దగ్గర, ఎక్కడైనా మన పిల్లలు ఇబ్బందిపడేది ఈ ‘ఎప్పుడు’ దగ్గరే. ఏం చెయ్యాలో వాళ్ళకి చాలాసార్లు తెలుసు. ఎప్పుడు చెయ్యాలో తెలియదు. కంటికి కనపడని కాలాన్ని చేతికి అందేలా చేసేది తాళం ఒక్కటే.

టీచరుగారు ఎకాయెకిన ఆదితాళానికి పోలేదు. మొదటి రెండు నెలలూ దెబ్బలే. తరవాత రెండు దెబ్బలు, ఒక విసురు. అది వచ్చాక ఏకతాళం, అంటే దెబ్బ, మూడు వేళ్ళు. చివరికి ఆదితాళం. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో మొదలైన జాతీయ మానసిక వికలాంగుల సంస్థలో నేను శిక్షణ పొందినప్పుడు మాకు నూరిపోసిన సూత్రం ఇదే: పనిని ముక్కలు చెయ్యి, ఒక ముక్క వచ్చాకే రెండో ముక్క చెప్పు. అది పడమటి దేశాల నుంచి వచ్చిన సరికొత్త శాస్త్రమనుకున్నాను. కాని సంగీతంలో మొదటి పాఠాలైన సరళీ వరసలు ఒకసారి పరీక్షగా చూడండి. మొదటి వరసలో స్వరాలు తిన్నగా ఎక్కి తిన్నగా దిగుతాయి. రెండో వరసలో కొంచెమే మార్పు, మిగతాదంతా పాతదే. తరవాతదీ అంతే. ఒక్కోదాన్నీ మొదటికాలం, రెండోకాలం, మూడోకాలం అని మూడు వేగాల్లో పాడతారు. దారి అదే, నడక వేగమే మారుతుంది. అన్నీ మాయామాళవగౌళ రాగంలోనే కాబట్టి పిల్లవాడు స్థానాలు మళ్ళీ వెతుక్కోనక్కర్లేదు. ఈ క్రమాన్ని పురందరదాసు ఏర్పరిచాడని సంప్రదాయం. అయిదు శతాబ్దాల నాటి ఆ పాఠక్రమంలో స్పెషల్ ఎడ్యుకేషన్ మొత్తం ఉందని నాకు చెప్పింది సంగీతం టీచరుగారే.

అరుగుల మీద మన ఆడపిల్లలు ఆడుకున్న చెమ్మచెక్కలో ఎదుటివాళ్ళ కళ్ళల్లోకి చూడటం, చేతులు అడ్డంగా దాటించడం, ఇద్దరూ ఒకే లయలో ఉండటం, అన్నీ ఉన్నాయి. ఒప్పులకుప్పలో ఒంటి తూకం ఉంది. ఇవాళ థెరపీ గదిలో గంటకింత అని ఇచ్చి చేయించుకుంటున్న వ్యాయామాలు అప్పుడు అరుగు మీద ఊరికే దొరికేవి. ఆ ఆటల్లో ఇలాంటి పిల్లల్ని ఎవరూ చేర్చుకునేవారు కాదు, అది వేరే బాధ.

అయిదు నల్లమెట్లు

తప్పు చేసి చేసి, తప్పని చెప్పించుకుని చెప్పించుకుని, చెయ్యి వెనక్కి తీసుకున్న పిల్లలు మా దగ్గర చాలామంది. ఏదీ ముట్టుకోరు. డౌన్ సిండ్రోమ్ ఉన్న ఒక పాప హార్మోనియం చుట్టూ తిరిగేది గానీ వేలు పెట్టేది కాదు. టీచరుగారు శ్రుతిపెట్టె నాలుగున్నరకి పెట్టి, హార్మోనియం తన వైపు తిప్పుకుని, తిత్తి కొడుతూ, ‘‘నల్లవి మాత్రమే నీవి, తెల్లవి నావి’’ అన్నారు. పాప ఒక నల్లమెట్టు నొక్కింది. బాగుంది. ఇంకోటి నొక్కింది. అదీ బాగుంది. ఎటు నొక్కినా బాగుంది. మధ్యాహ్నం దాకా లేవలేదు.

సంగీతం తెలిసినవాళ్ళు ఈపాటికి కిటుకు పట్టేసి ఉంటారు. నాలుగున్నర శ్రుతి షడ్జం మూడు నల్లమెట్ల గుంపులో మొదటిదాని మీద పడుతుంది. అక్కణ్ణించి వరసగా అయిదు నల్లమెట్లూ స, రి, గ, ప, ద. అంటే మోహన. ఆ రాగంలో లేని స్వరం ఆ మెట్లలో లేనే లేదు. పాప ఏం నొక్కినా మోహనే. జర్మనీలో కార్ల్ ఓర్ఫ్ పిల్లల కోసం చేయించిన వాద్యాలకి పలకలు ఊడదీసే వీలుంటుంది. అక్కర్లేనివి తీసేస్తే మిగిలినవి ఎలా వాయించినా వినసొంపుగానే ఉంటాయి. అక్కడ పలకలు తీశారు, ఇక్కడ మెట్లు వదిలేశారు. ఆలోచన ఒకటే: ఓడిపోవడానికి చోటులేని ఆటతో మొదలుపెట్టు. ధైర్యం వచ్చాక తెల్లమెట్టు ఒకటి చేర్చవచ్చు. అప్పుడు తప్పు తప్పులా వినపడుతుంది, దిద్దుకోవాలని పిల్లకే అనిపిస్తుంది.

మాటకి ముందు రాగం

ఎక్కువమంది అమ్మలు అడిగేది ఒక్కటే. మాట వస్తుందా మేడం? మాట గురించి నేను మాట ఇవ్వను. చూసింది చెప్తాను.

మాట రాని పిల్లలు కొందరు పాటలో ముక్క పలుకుతారు. దీనికి కారణాలున్నాయి. పాటలో అక్షరం సాగుతుంది కాబట్టి పట్టుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. తరవాత వచ్చేదేదో ముందే తెలుస్తుంది. పాట ప్రతిసారీ ఒకలాగే ఉంటుంది, మనుషులు మాట్లాడే తీరేమో పూటకోలా మారుతుంది. మెదడుకి దెబ్బ తగిలి మాట పోయిన పెద్దవాళ్ళు కొందరు పాట పాడగలరని వైద్యులు ఎప్పణ్ణుంచో గమనించారు. 1973లో అమెరికాలోని బోస్టన్‌లో దాన్నొక చికిత్సగా మలిచారు. రోజువారీ మాటల్ని ఎత్తు, పల్లం రెండే స్వరాల్లో పలికిస్తూ, అక్షరానికొకసారి రోగి ఎడమచేతిని తట్టడం ఆ పద్ధతి. అదే బోస్టన్‌లో 2011లో ఇంకో అడుగు వేశారు. మాటలేని ఆటిజం పిల్లలు ఆరుగురికి, శ్రుతి కలిపిన రెండు డ్రమ్ములు వాయిస్తూ మాటలు రాగంగా పలకడం నేర్పారు. ఆరుగురిలోనూ పలుకు మెరుగైంది. ఆరుగురే సుమా. ఆరుగురితో సిద్ధాంతం కట్టకూడదు, ఆశ పెట్టుకోవచ్చు.

రెండు స్వరాల పిలుపు మనకి కొత్తకాదు. వీధిలో ఆడుకుంటున్న పిల్లవాణ్ణి అన్నానికి పిలిచే అమ్మ గొంతు వినండి. పేరుని సాగదీసి, పైన ఒకటి, కింద ఒకటి, రెండు స్వరాల్లో పిలుస్తుంది. టీచరుగారు అక్కణ్ణించే ఎత్తుకున్నారు. ప్రతి పిల్లకీ తన పేరే తన పాట. హాజరు తీసుకోవడం రాగంలో. పేరు పాడి, ఆగేవారు.

ఎంతసేపు? నేను మొదట్లో రెండు సెకన్లు ఆగి మళ్ళీ పిలిచేదాన్ని. పిల్ల పలక్కపోయేసరికి నేనే కంగారుపడి ‘‘చెప్పమ్మా, చెప్పు, ఉన్నాననమ్మా’’ అని మూడుసార్లు అనేసేదాన్ని. ఒకరోజు ఆవిడ నన్ను పక్కకి పిలిచి, ‘‘మీరు పిల్ల వంతు కూడా పాడేస్తున్నారు’’ అన్నారు. ‘‘పిలిచాక ఒక ఆవర్తం ఆగండి. ఆదితాళం, మొదటికాలం. పెదవి కదపకండి. తాళం వేసుకోండి, మీకూ పొద్దుపోతుంది.’’

నిదానంగా వేస్తే ఆవర్తం ఎనిమిది సెకన్లు. వినడానికి కొంచెమే. మాట్లాడని పిల్ల ఎదురుగా నోరుమూసుకుని కూర్చున్నప్పుడు అది యుగం. దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు. నాలుగో అక్షరం దాకా పిల్ల నేలకేసే చూసేది. దెబ్బ. తలెత్తేది. విసురు. పెదవులు కదిలేవి. దెబ్బ. ఏడో అక్షరం మీద ఓ రోజు ‘‘ఉ’’ అని వచ్చింది. విన్న మాట మెదడులోకి వెళ్ళి, అర్థమై, బదులు తయారై, నోటిదాకా రావడానికి ఆ పిల్లకి ఏడక్షరాల కాలం కావాలి. ఏడాదిన్నరపాటు నేను మూడో అక్షరం దగ్గరే అడ్డుపడుతూ వచ్చాను. పిల్ల పలకడం లేదని రికార్డులో రాస్తూ వచ్చాను.

పిల్లలకి సంగీతం ఏం నేర్పుతుందని అడగడానికి వచ్చారు మీరు. పెద్దవాళ్ళకి ఆగడం నేర్పుతుంది. నా లెక్కలో అదే మొదటి ప్రయోజనం.

చెవి లేనివాళ్ళకీ, కాలు తడబడేవాళ్ళకీ

వినికిడి లేని పిల్లలకి సంగీతమెందుకని ఒకాయన వెటకారం చేశారు. స్కాట్లండుకి చెందిన ఎవెలిన్ గ్లెన్నీ పన్నెండేళ్ళకల్లా వినికిడి దాదాపు పూర్తిగా పోగొట్టుకుని, ప్రపంచం మెచ్చిన డ్రమ్ముల విద్వాంసురాలైంది. నేల అదురు అరికాళ్ళకి అందాలని చెప్పులు లేకుండా వాయిస్తుంది. మా బడిలో అంత పెద్ద మాటలేం లేవు. ఊదిన బెలూన్ పిల్లల రెండు చేతుల మధ్య పెట్టి, పక్కన డప్పు కొడతాం. బెలూన్ అదురుతుంది. అదిరినప్పుడు అడుగు, ఆగినప్పుడు నిలబడటం. కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టించుకున్న పిల్లలకి రాగంలోని తేడాలు పట్టుకోవడం కష్టం గానీ లయ బాగానే అందుతుంది. అందుకే వాళ్ళకి పాటకన్నా ముందు తకిట, తకధిమి.

సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల నడకకీ లయ పనికొస్తుంది. అమెరికాలోని కొలరాడోలో మైకేల్ థాట్ బృందం 1990ల నుంచి పక్షవాతం వచ్చినవారితో, పార్కిన్సన్స్ రోగులతో స్థిరమైన దెబ్బకి అడుగు కలిపించి చూసింది. అడుగులో తడబాటు తగ్గింది. తరవాత అదే పద్ధతి పిల్లలకీ వచ్చింది. ఇందులో కిటుకు వేగం దగ్గరుంది. ముందు పిల్ల ఎంత వేగంతో నడవగలదో అంతే వేగంతో కొట్టాలి. అది కుదిరాక, ఫిజియోథెరపిస్టు ఊఁ అంటేనే, ఒక పిసరు పెంచాలి. మనకి నచ్చిన వేగంతో మొదలుపెడితే పిల్ల పడిపోతుంది.

రాగం మందుబిళ్ళ కాదు

ఇక్కడ కొంచెం కటువుగా మాట్లాడాలి. ఫలానా రాగం వినిపిస్తే ఆటిజం నయమవుతుందని, ఫలానా పెన్‌డ్రైవ్ కొంటే తెలివి పెరుగుతుందని అమ్మేవాళ్ళున్నారు. 1993లో నేచర్ పత్రికలో ఒక చిన్న వ్యాసం వచ్చింది. 36 మంది కాలేజీ విద్యార్థులకి పదినిమిషాలు మొజార్ట్ వినిపిస్తే, ఆకారాలకి సంబంధించిన ఒక రకం పరీక్షలో కాసేపు మెరుగ్గా చేశారని. ఆ మెరుగు పావుగంటలోపే పోయిందని కూడా అందులోనే రాశారు. ఆ వాక్యం ఎవరూ చదవలేదు. 1998లో అమెరికాలోని జార్జియా గవర్నరు, రాష్ట్రంలో పుట్టే ప్రతి శిశువుకీ శాస్త్రీయ సంగీతం రికార్డు ఇవ్వడానికి లక్షా అయిదువేల డాలర్లు అడిగాడు. గాలివార్త ఎంతదూరం పోతుందో చూడండి.

నిక్కమైన పరిశోధన ఏమంటోంది? 2017లో జామా అనే వైద్యపత్రికలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. తొమ్మిది దేశాల్లో, నాలుగేళ్ళు నిండి ఏడు నిండని ఆటిజం పిల్లలు 364 మంది. కొందరికి మామూలు సేవలతోపాటు మ్యూజిక్ థెరపీ ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. అయిదు నెలల తరవాత నలుగురితో కలిసే తీరులో ఆటిజం లక్షణాల్ని కొలిస్తే రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. 2022లో కాక్రేన్ సమీక్ష 26 అధ్యయనాల్ని, 1165 మందిని కలిపి చూసింది. మొత్తంమీద పరిస్థితి మెరుగవడం, జీవితం కాస్త బాగుపడటం కనిపించాయి. మాటలో, మనుషులతో కలవడంలో స్పష్టమైన తేడా తేలలేదు.

ఈ రెండిట్లో టీచరుగారికి చదివి వినిపించే అదృష్టం నాకు ఒకదానికే దక్కింది. 2017 నాటిది విని ఆవిడ నొచ్చుకోలేదు. ‘‘ఆటిజం తగ్గించడానికి నేనెప్పుడు వాయించాను? చేతులు కడుక్కోవడం నేర్పడానికి వాయించాను’’ అన్నారు. నేను ఇవాళ్టికీ ఆ గీత మీదే నిలబడతాను. సంగీతం ఒక జబ్బుకి మందు అనకండి. ఫలానా పిల్లకి, ఫలానా పని నేర్పడానికి, ఫలానా పాట సాయం చేసిందా లేదా, రాసుకుని లెక్క చూడండి. చెయ్యకపోతే మార్చండి. పాట ఉందని స్పీచ్ థెరపీ మానిపించకండి.

మా పొరపాట్లు కూడా రెండు ఒప్పుకోవాలి. ఒక వార్షికోత్సవంలో పిల్లలచేత బృందగానం పెట్టాం. స్పీకరు పెట్టెలవాడు తన ప్రతాపం చూపించాడు. మోహనలో గంటలు గంటలు కూర్చునే పాప ఆ హోరుకి చెవులు మూసుకుని వేదిక కిందికి దూరింది. అందరూ అల్లరి అన్నారు. అది అల్లరి కాదు, నొప్పి. మనకి వినసొంపైనది కొందరు పిల్లలకి చెవిలో సూదిలా దిగుతుంది. ఆ ఏడాది నుంచి మా బడిలో మైకు లేదు. పిల్లల పాట చూడాలనుకునేవాళ్ళు దగ్గరికొచ్చి కూర్చోవాలి.

రెండోది మరీ నా తప్పు. చేతులు కడుక్కునే పాట ఒకటి కట్టుకున్నాం. తడుపు, రుద్దు, కడుగు, తుడువు, నాలుగు మాటలు, నాలుగు పనులు. ఒక బాబుకి అద్భుతంగా పనిచేసింది. పిల్లవాడికి పని వచ్చేసిందని రికార్డులో టిక్కు పెట్టేశాను. ఓ రాత్రి వాళ్ళమ్మ ఫోన్ చేసింది. ‘‘పెళ్ళి భోజనాల దగ్గర పంపు తిప్పి నిలబడిపోయాడు మేడం. వెనక లైనంతా ఆగిపోయింది. పాడితేగానీ కదల్లేదు. అందరి ముందూ పాడాను.’’ నవ్వుతూనే చెప్పింది. నాకు నవ్వు రాలేదు. నేను పని నేర్పలేదు, పాటకి కట్టేశాను.

మర్నాడు టీచరుగారు ఆ పాటని విప్పడం మొదలుపెట్టారు. మొదటి పక్షం చివరి మాట పాడకుండా వదిలేశారు. తరవాత మాటలన్నీ తీసేసి కూనిరాగం. తరవాత గోడమీద వేలితో తాళం. తరవాత మొదటి దెబ్బ ఒక్కటే. చివరికి ఏమీ లేదు. మూడు నెలలు పట్టింది. వయొలిన్ వాయించేవారి రెండు చేతులూ పనిలో ఉంటాయి, అయినా తాళం తప్పదు. అది లోపల నడుస్తూ ఉంటుంది. పిల్లవాడి లోపలికి పంపించాక బయటి పాట ఆగిపోవాలి. పాట కట్టే రోజునే దాన్ని ఎలా విప్పాలో కూడా రాసిపెట్టుకోవాలని అప్పుడు తెలిసింది.

మనం చెయ్యగలిగినది

1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల్ని గుర్తించింది. ఆటిజం, నేర్చుకోవడంలో ఇబ్బందులు, మాట, భాష ఇబ్బందులు అందులో చేరాయి. 2021లో సుప్రీంకోర్టు ఇలాంటి పిల్లలు ఎంతమందికి ఒక స్పెషల్ టీచరు ఉండాలో లెక్క తేల్చమని కేంద్రాన్ని ఆదేశించింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మండలాల్లో ఈ పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాలున్నాయి, వాటిలో ప్రత్యేక టీచర్లున్నారు. వాళ్ళ పనిభారం నాకు తెలుసు. ఒక్కో మనిషి కేంద్రంలో పాఠం చెప్పి, ఊళ్ళు తిరిగి, మంచంపట్టిన పిల్లల ఇళ్ళకి వెళ్ళి, రికార్డులు రాసుకోవాలి. వాళ్ళని సంగీతం కూడా నేర్చుకోండని నేననను. ఒక డప్పు, ఒక జత తాళాలు, అయిదు నల్లమెట్లున్న పాత హార్మోనియం ఒకటి కేంద్రానికి ఇప్పించమని ప్రభుత్వాన్ని అడుగుతున్నాను. ఊళ్ళో రిటైరైన సంగీతం టీచర్లు, భజన బృందాలవాళ్ళు, డప్పు కళాకారులు వారానికి రెండు గంటలు ఆ గుమ్మంలోకి రమ్మని అడుగుతున్నాను. వచ్చి కచేరీ చెయ్యకండి. పిల్లవాడు ఎలా ఊగుతున్నాడో చూసి, దానికి తాళం వెయ్యండి.

ముందువరసలో కూర్చున్న మా బడి పిల్లల అమ్మానాన్నలకి ఒక మాట. మీకు గొంతు లేదని సిగ్గుపడకండి, నాకన్నా అన్యాయంగా ఎవరూ పాడరు. రోజూ జరిగే ఒక్క పని ఎంచుకోండి. చెప్పులు వేసుకోవడమో, అన్నం కలుపుకోవడమో. నాలుగు మాటల పాట మీరే కట్టుకోండి, మీ ఇంటి మాటల్లో. రోజూ ఒకేలా పాడండి. చివరి మాట దగ్గర ఆగండి. ఆ ఖాళీ మీ పిల్లది. తాళం వేసుకుంటూ ఆవర్తం పూర్తయ్యేదాకా ఆ ఖాళీ నింపకండి. వస్తే సంబరపడండి. రాకపోతే మీరే చెప్పి, రేపు మళ్ళీ ఆగండి.

బెంచీ మీద ఊగిన బాబుకి ఇప్పుడు ఇరవయ్యారేళ్ళు. మాట రాలేదు. అవసరమైనవి బొమ్మల కార్డులతో అడుగుతాడు. మా బడి కాగితపు కవర్ల యూనిట్‌లో పనిచేస్తాడు. మడత, జిగురు, నొక్కు, పక్కన పెట్టు, నాలుగు పనులు. పని చేస్తున్నంతసేపూ ఎడమకాలి బొటనవేలు నేలమీద తాళం వేస్తుంటుంది. మేం ఆపం.

టీచరుగారి హార్మోనియం బడిలోనే ఉంది. ఆదివారం తప్ప రోజూ పొద్దున పదింటికి మూత తీస్తాం. మీలో ఎవరు వచ్చినా తలుపు తీసే ఉంటుంది. రండి. వచ్చిన పిల్లని ఏమీ అడక్కండి, చెప్పకండి. పక్కన కూర్చుని, ఒక ఆవర్తం ఆగండి.